కావింగ్: మంచు ఈనడం
సముద్రంలో ముగిసే హిమానీనదం అంచు విరిగి మంచుకొండగా తేలిపోవడాన్ని ఇంగ్లీషులో ‘కావింగ్’ అంటారు. ఆవు ఈనడానికి వాడే మాటే ఇది. విరిగిన ముక్క ‘కాఫ్’, అంటే దూడ. డేనిష్ భాషలోనూ ఇదే పోలిక. తెలుగులో వెన్ను తీసిన వరిచేను కూడా ‘ఈనింది’ అనే అంటారు కనుక, ‘ఈనడం’ మంచుకూ చక్కగా అతుకుతుంది. 2008 మేలో గ్రీన్‌లాండ్‌లోని యాకబ్స్‌హావ్న్ హిమానీనదం 75 నిమిషాలపాటు ఈనింది. తిరగబడ్డ దిమ్మల అడుగుభాగాలు నీటిపైకి లేవడం కెమెరాకు చిక్కింది.

ఎంత మంచు పోతోందో కొలవడానికి ఈ దృశ్యమొక్కటే చాలదు. అంచుకు కాస్త ఎగువన మంచు మందాన్ని రాడార్‌తో, వేగాన్ని ఉపగ్రహ చిత్రాలతో కొలుస్తారు. మందం, వెడల్పు, వేగం గుణిస్తే ఏటా అంచు వైపు జారే మంచు ఎంతో తెలుస్తుంది. అంచు వెనక్కి జరిగితే ఆ మేరకు కలపాలి. ఈ లెక్కలో ఈనినదీ, నీటి అడుగున కరిగినదీ కలిసే ఉంటాయి.