ఇసుక వచ్చే బోర్లలో పంపు అరుగుదల: ఏ లోహం తట్టుకుంటుంది, ఏం చేయాలి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో టమాటా, మల్బరీ సాగు చాలావరకు బోర్ల మీదే ఆధారపడి ఉంది. ఇక్కడ నేల కింద ఉన్నది గ్రానైటు. రాతి పగుళ్ల నుంచి నీటితోపాటు గరుకు ఇసుక కూడా వస్తుంది. అందులోని పలుగురాయి పొడి, పంపు బౌళ్లకు వాడే మామూలు పోత ఇనుము కంటే చాలా గట్టిది. అందువల్ల ఇంపెల్లర్ అంచులు, రింగులు, బుష్‌లు ముందుగా అరుగుతాయి. సందు పెరిగేకొద్దీ తోడిన నీరు పంపు లోపలే వెనక్కి జారిపోతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, డ్రిప్ చివరి మొక్కలకు మాత్రం నీరు అందదు.

బోరు ఎండిపోయిందనుకుని కొత్త బోరుకు అప్పు చేసేది చాలాసార్లు ఇక్కడే. ఆ పని చేసే ముందు స్టార్టర్ బోర్డులో ఆంపియర్ మీటరు చూడండి. ముల్లు ఊగుతూ, నీరు గాలితో కలిసి ఆగి ఆగి వస్తుంటే బోరులో నీరు తగ్గినట్టు. ముల్లు నిలకడగా ఉండి ధార సన్నబడితే పంపు అరిగి ఉండవచ్చు, లేదా లోపలి పైపు జాయింటు కారుతుండవచ్చు. పంపు పైకి తీయించి చూడాల్సిందే.

గనుల్లో రాతిపొడి కలిసిన నీటిని తోడే పంపులదీ ఇదే సమస్య. అక్కడ 23 నుంచి 28 శాతం క్రోమియం కలిపిన తెల్ల పోత ఇనుము వాడతారు. బ్రినెల్ కొలతలో మామూలు పోత ఇనుము గట్టిదనం సుమారు 200 ఉంటే, దీనిది 600 దాటుతుంది. ఇందులో ఏర్పడే క్రోమియం కార్బైడ్ రేణువులు పలుగురాయి కంటే గట్టివి. అయితే ఈ లోహం పెళుసు, దెబ్బ తగిలితే పగులుతుంది. మామూలు లేతు మీద కోయడం కష్టం. కాబట్టి బోరు పంపు మొత్తం దీనితో చేయించాలని చూడకండి. చెరువు, కాలువ నుంచి ఒండ్రు నీరు తోడే మోనోబ్లాక్ పంపుకు ఇంపెల్లర్ మార్చాల్సి వచ్చినప్పుడు కంపెనీ దగ్గర ఇలాంటిది దొరుకుతుందేమో అడగండి. బోరు పంపుకైతే స్టెయిన్‌లెస్ స్టీలు ఇంపెల్లర్లు, విడిగా మార్చుకునే రింగులు ఉన్న మోడల్ మేలు. అరిగిన పోత ఇనుము ఇంపెల్లర్‌ను వెల్డింగుతో పూడ్పించవద్దు. బరువు సమంగా ఉండక అదురుతుంది, బుష్‌లు ఇంకా త్వరగా పోతాయి.

లోహం కంటే ముందు ఇసుకను ఆపాలి. కేసింగ్ పైపు మెత్తటి పొర దాటి గట్టి రాతిలో దిగిందా లేదా డ్రిల్లింగ్ వారిని అడిగి తెలుసుకోండి. కొత్త బోరును నీరు తేటపడే వరకు కంప్రెసర్‌తో ఫ్లషింగ్ చేయించండి. పంపును బోరు అడుగుకు ఆనించకుండా పైకే వేలాడదీయాలి. బోరు ఊరే నీటికంటే పెద్ద మోటారు దించితే ఇసుకను లాగుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆటో స్టార్టర్ వెంటనే మోటారు వేస్తే కదిలిన ఇసుక మళ్లీ పైకి వస్తుంది, అందుకే టైమర్ పెట్టుకుని కొంత ఆలస్యం ఇవ్వండి. తొలి నీటిని డ్రిప్‌కు కాకుండా బయటికి వదలండి.

మోనోబ్లాక్‌లో వేగం కూడా లెక్కే. తక్కువ ఎత్తుకు తోడేటప్పుడు నిమిషానికి 2,880 చుట్ల పంపు బదులు 1,440 చుట్లది వాడితే అరుగుదల అయిదారు రెట్లు తగ్గవచ్చు. ఫుట్ వాల్వును అడుగు బురదకు తగలకుండా రెండు మూడు అడుగుల పైన ఉంచండి.

నెలకోసారి పంపు వేసిన వెంటనే ఒక సీసా, అరగంట తర్వాత ఇంకో సీసా నీరు పట్టి కదపకుండా ఉంచండి. రెండో సీసా అడుగున కూడా ఇసుక పేరుకుంటే మెకానిక్‌ను పిలిపించండి.