ఆడగుండె మీద పడిన నింద

1967 డిసెంబర్ 3 అనగానే అందరూ మనిషి గుండెను మనిషికి తొలిసారి అమర్చిన సర్జన్ క్రిస్టియాన్ బర్నార్డ్ పేరు చెబుతారు. హార్ట్‌-లంగ్ మెషీన్ దగ్గర కూర్చునే పర్‌ఫ్యూజనిస్టుగా పనిచేసి రిటైరైన నాకు మాత్రం ముందు డెనీస్ డార్వాల్ గుర్తొస్తుంది. పాతికేళ్ల పిల్ల. కేప్‌టౌన్‌లో కారు గుద్ది మెదడు దెబ్బతింది. తండ్రి సరేనన్నాక, గ్రూట్ షూర్ ఆసుపత్రిలో ఆమె గుండెను యాభై దాటిన లూయీ వాష్కాన్‌స్కీకి అమర్చారు. అంటే మనిషి నుంచి మనిషికి మారిన తొలి గుండె ఆడపిల్లది, అందుకున్నది మగవాడు. 18 రోజుల తర్వాత ఆయన న్యుమోనియాతో పోయారు. గుండె మాత్రం చివరిదాకా బాగానే పనిచేసింది.

అప్పటికి బ్రెయిన్ డెత్‌కు చట్టం లేదు. వెంటిలేటర్ తీసి, గుండె ఆగాక మెషీన్‌తో చల్లబరిచారు. రక్తం అందని ఆ నిమిషాలే మా వృత్తికి అసలు శత్రువు. ఐస్‌బాక్సులో పెట్టిన గుండెకైనా మేం లెక్కేసుకునేది నాలుగు గంటలే. మన దేశంలో 1994లో అలాంటి చట్టం వచ్చాకే కొట్టుకుంటున్న గుండెను తీసే వీలు కలిగింది. ఆ ఏడాది ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో గుండె మార్పిడిలో తొలి విజయం సాధించిన వేణుగోపాల్ గారు మన రాజమండ్రి వారే.

మార్పిడులు పెరిగి అంతర్జాతీయ రిజిస్ట్రీల్లో లెక్కలు పోగుపడ్డాక ఒక మాట పుట్టింది: ఆడవాళ్ల గుండె మగవాళ్లకు పెడితే ఫలితం తగ్గుతుందని. "ఫిమేల్ డోనరా సార్? పేషెంటు మగాయన, ఒకసారి ఆలోచించండి" అనడం నేనూ థియేటర్లో విన్నాను. లెక్క అబద్ధం కాదు. దానికి 'ఆడగుండె బలహీనం' అని చెప్పుకున్న కారణమే తొందరపాటు. దాతనూ రోగినీ బరువు చూసి జత చేసేవారు. కానీ ఒకే బరువున్న ఆడమనిషికీ మగమనిషికీ గుండె ఒకే పరిమాణంలో ఉండదు, ఆడవారిది చిన్నది. 2014 ప్రాంతంలో ఎత్తు, బరువు, వయసు, లింగం కలిపి గుండె బరువును అంచనా కట్టి చూస్తే, ఆ తేడాలో చాలా భాగం కరిగిపోయింది. చిన్న గుండెను పెద్ద ఒంటికి తగిలించి, గుండెను తప్పుపట్టామన్నమాట.

మిగిలిన తేడా సంగతి ప్రయోగశాలలు ఆలస్యంగా పట్టించుకున్నాయి. దశాబ్దాల పాటు ప్రయోగాలన్నీ ఎక్కువగా మగ జంతువుల మీదే జరిగాయి. రక్తం అందకపోవడాన్ని ఆడ జంతువుల గుండె మెరుగ్గా తట్టుకుంటుందనీ, అందులో ఈస్ట్రోజెన్ పాత్ర ఉందనీ తేలింది. అయితే దాత మెదడు చనిపోయినప్పుడు మొదట ఒత్తిడి హార్మోన్లు ఉప్పెనలా వచ్చి గుండెను దెబ్బతీస్తాయి, తర్వాత మిగతా హార్మోన్లు పడిపోతాయి. ఆడ ఎలుకల్లో ఈస్ట్రోజెన్ కూడా అలాగే పడిపోయి, ఆ రక్షణ చేజారుతోందని బ్రెజిల్ పరిశోధకులు చూపారు. ఎలుకల్లో తేలింది మనుషులకూ అచ్చంగా వర్తిస్తుందని చెప్పలేం. ప్రయోగాల్లో ఆడ, మగ తేడాను లెక్కలోకి తీసుకోవాలని అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ అడగడం మొదలుపెట్టిందే 2016లో.

ఆడగుండె బలహీనమనడానికి ఈ చరిత్రలో ఆధారం లేదు. కొలత తప్పిందనడానికీ, ప్రశ్న ఆలస్యంగా అడిగామనడానికీ బోలెడంత ఉంది. ఇప్పుడు ఈ పనిలో ఉన్న పిల్లలకు నేను చెప్పేదొకటే: ఫారంలో దాత ఆడా మగా అన్న గడిని ఎత్తు, బరువు, వయసు, చావుకు కారణం పక్కన పెట్టి చదవండి. ఆ ఒక్క గడి చూసి మంచి గుండెను వద్దనకండి.