ఊరి పిల్లల సినిమా, ఊరి ముందు

1967 సెప్టెంబరులో అమెరికాలోని కెంటకీ కొండల్లో హ్యూ ఓకానర్ అనే కెనడా సినిమా దర్శకుణ్ణి కాల్చి చంపేశారు. జెరెమయా అనే చిన్న ఊళ్లో, అద్దె ఇంటి దగ్గర ఓ బొగ్గుగని కార్మికుణ్ణి ఆయన బృందం చిత్రీకరిస్తుంటే, ఇంటి యజమాని హోబార్ట్ ఐసన్ తుపాకీతో వచ్చాడు. చుట్టుపక్కల చాలామంది సానుభూతి ఐసన్ మీదే. పదేళ్ల శిక్ష పడితే ఏడాదికే పెరోల్ మీద బయటికొచ్చాడు.

ఎందుకంత కోపం? 1964లో ప్రెసిడెంట్ జాన్సన్ పేదరికం మీద యుద్ధం ప్రకటించాక టీవీ వాళ్లూ ఫొటోగ్రాఫర్లూ ఈ కొండలకి వరసకట్టారు. చిరుగుల బట్టలు, మసి మొహాలు, ఒరిగిన గోడలు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. ఆ బొమ్మల్ని ఎక్కడ ఎవరు చూసి ఏమనుకుంటున్నారో ఇక్కడివాళ్ల చేతిలో ఉండేది కాదు.

సరిగ్గా రెండేళ్లకి, 1969లో, అదే లెచర్ కౌంటీలోని వైట్స్‌బర్గ్‌లో ప్రభుత్వం డబ్బుతో, అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ తోడుతో ఒక శిక్షణ కేంద్రం మొదలైంది. స్థానిక కుర్రాళ్లకి కెమెరా పని నేర్పితే ఉద్యోగాలొస్తాయని ఆలోచన. కొండల్లో సినిమా ఉద్యోగాలెక్కడివి? పని నేర్చుకున్నవాళ్లు కొందరు అక్కడే ఉండిపోయి ఇరుగుపొరుగునే తీయడం మొదలెట్టారు. అదే అపల్‌షాప్. 1971 నాటి వాళ్ల చిన్న సినిమాలో వుడ్రో కార్నెట్ అనే స్థానికుడు పందిని కోస్తాడు. అంతే కథ. కానీ కెమెరా చూసింది ఆయన లేమిని కాదు, పనితనాన్ని.

1988లో ఈ సంస్థే టీనేజి పిల్లల కోసం అపలాచియన్ మీడియా ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. పిల్లలు తమ ఊళ్ల గురించే తీస్తారు: బొగ్గు గనుల గురించి, ఇళ్లల్లోకి దూరిన మత్తుమాత్రల గురించి. పేదరికం, బాధ ఇందులోనూ ఉంటాయి. తేడా ఏంటంటే, సినిమాలో ఉన్న మనుషులే ప్రేక్షకులు కూడా. తీసిన పిల్ల మర్నాడు దుకాణంలో వాళ్లకే ఎదురుపడాలి. ఏ సెన్సారు బోర్డూ పెట్టలేని జవాబుదారీతనం అది.

అంతమాత్రాన సొంతూరివాళ్లకి చిక్కులుండవని కాదు. పక్క కౌంటీలో పెరిగి, అపల్‌షాప్‌లో చేరిన ఎలిజబెత్ బారెట్ ఆ హత్య మీద 2000లో 'స్ట్రేంజర్ విత్ ఎ కెమెరా' తీసింది. మనవాళ్లనే చూపించేటప్పుడు మన బాధ్యతేంటి అన్నది అందులో ఆమె తనని తాను అడుగుకున్న ప్రశ్న. ఫోను తీసి వీధిని షూట్ చేసే ప్రతివాళ్లకీ అది వర్తిస్తుంది.