ముదిగుబ్బ తండాలు: ఆరోగ్య సేవల చరిత్ర

ముదిగుబ్బ అనంతపురం–కదిరి రహదారి మీది మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో అనంతపురం జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. వాన తక్కువ, వేరుశనగ ఎక్కువ ఉన్న కరువు నేల. ఈ మెట్టసీమ గిరిజనుల్లో సుగాలీలే (లంబాడీలు) అధికం. ఎరుకలు, యానాదులూ ఉన్నారు. 2011 జనగణన నాటికి పాత అనంతపురం జిల్లాలో గిరిజనులు నాలుగు శాతం లోపే. ఇక్కడి వైద్య చరిత్రను నడిపించింది ఈ చిన్న సంఖ్యే.

సుగాలీల పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన వర్తకులు. రైళ్లు వచ్చాక ఆ బతుకుతెరువు పోయి, ఊళ్లకు ఎడంగా తండాలు కట్టుకున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1911 నుంచి అమలైన నేరస్థ తెగల చట్టం ఎరుకల వంటివారిని పోలీసు హాజరుకు కట్టిపడేసింది. 1952 నాటికి అది దేశమంతటా రద్దయింది గానీ, సర్కారు మనిషిని చూస్తే కలిగే బెదురు అంత తొందరగా పోయేది కాదు. అందుకే కాన్పు మంత్రసాని చేతిలో, జ్వరం నాటువైద్యుడి చేతిలో సాగాయి.

తర్వాత షెడ్యూల్డు ప్రాంతాల్లో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) వచ్చాయి. ఆ ప్రాంతాల బయట చెంచులకు శ్రీశైలంలో, యానాదులకు నెల్లూరులో ప్రత్యేకంగా ఏర్పడ్డాయి. అనంతపురం సుగాలీలకు అలాంటిదేమీ రాలేదు. ఆరోగ్య ఉపకేంద్రం మైదానంలో 5,000 మందికి ఒకటి, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒకటి అన్నది ప్రభుత్వ ప్రమాణం. ముదిగుబ్బ తండాకు వర్తించేది మొదటి లెక్క. ఒక్క ఏఎన్ఎం (ఉపకేంద్రం నర్సు) ఊళ్లూ తండాలూ కలిపి తిరగాలి. టీకా రోజున ఆమె వచ్చేసరికి తల్లి బిడ్డను చంకనేసుకుని బెంగుళూరు కూలికి వెళ్లిపోయి ఉంటే, ఆ డోసు తప్పినట్టే. ఇంట్లో సుగాలీల భాష గోర్ బోలి మాట్లాడే ముసలమ్మకు తెలుగులో చెప్పిన మందుల లెక్క అంతంతమాత్రంగానే ఎక్కుతుంది.

ఈ లోటును చాలావరకు పూడ్చింది స్వచ్ఛంద సేవ. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లె ఆడవాళ్లనే ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేసింది. ఇదే రోడ్డు మీద బత్తలపల్లిలో పెద్దాసుపత్రి కట్టింది. దాదాపు అదే కాలంలో, 1971లో, సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో ఆస్ట్రేలియా ఆదివాసులు తమ వైద్యకేంద్రాన్ని తామే నడుపుకోవడం మొదలుపెట్టారు. మన తండాలకు ఆ పెత్తనం ఇంకా దక్కలేదు.

నీళ్ల సంగతి వేరే చెప్పాలి. లోతు బోర్లలో ఫ్లోరైడు ఎక్కువైతే పిల్లల పళ్లపై గోధుమరంగు చారలు పడతాయి. ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుని నడుము వంగుతుంది. దీనికి మందు లేదు, మంచినీళ్లే మందు. అందుకే 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకాన్ని జిల్లా ఆరోగ్య చరిత్రలోనే చేర్చాలి.

తర్వాత మార్పులు వేగంగా వచ్చాయి. 2005లో 108 అంబులెన్సు మొదలైంది. 2007 ఏప్రిల్‌లో పేదలకు ఉచిత వైద్యం అందించే ఆరోగ్యశ్రీ పథకాన్ని తొలివిడతగా ప్రారంభించిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. పెద్ద ఆపరేషన్ ఖర్చు తగ్గింది గానీ, తండాలో బీపీ చూసే చేయి ఆరోగ్యశ్రీ కార్డుతో రాదు.

గిరిజనుల్లో సగానికి పైగా గిరిజనులే ఎక్కువగా ఉండే బ్లాకుల బయటే ఉన్నారని 2018లో అభయ్ బంగ్ అధ్యక్షతన జాతీయ నిపుణుల సంఘం తేల్చింది. ముదిగుబ్బ తండాలు ఆ సగంలోవి. కాబట్టి ఉపకేంద్రాలను మైదాన జనాభా లెక్కన కాక తండా లెక్కన కేటాయించాలి.