ఏ యేటి బండి?

బియ్యమైతే పాతవి కావాలంటాం. చింతపండైతే కొత్తది కావాలంటాం. ఈ లెక్క మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. మోటారు బండికి ఇలాంటి యేటి లెక్క తగిలించినవాళ్లు మాత్రం అమెరికా వాళ్లు. హెన్రీ ఫోర్డు 1908 నుంచి 1927 దాకా ఒక్క మోడల్-టి బండినే కోటిన్నర దాకా చేసి అమ్మాడు. జనరల్ మోటార్స్ కంపెనీని నడిపిన ఆల్ఫ్రెడ్ స్లోన్ అలా కాదని, యేటేటా బండికి కాస్త రూపు మార్చి, నిరుడు కొన్నవాడి చేతే "అయ్యో, నాది పాతబడింది" అనిపించాడు. చీరల అంచులు మార్చే వ్యాపారులు ఈయన దగ్గర నేర్చుకున్నారో, ఈయనే వాళ్ల దగ్గర నేర్చుకున్నాడో!

మన దేశంలో చాలాకాలం ఆ గొడవ లేదు. అంబాసిడరు 2014లో ఆగిపోయేదాకా ఇంచుమించు అదే ముఖంతో తిరిగింది. జీపు సంగతీ అంతే. ఆ తర్వాత 1994లో టాటా సుమో వచ్చింది. జపాను మల్లయోధుల పేరనుకుంటాం గాని, అది కంపెనీ పెద్ద సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోని ముక్కలు కలిపి పెట్టినది. 2000లో బొలేరో, 2002లో స్కార్పియో వచ్చాయి. కాళేశ్వరం పుణ్యస్నానాలకి చుట్టాలందరినీ ఒక్క బండిలో కుక్కి తీసుకెళ్లే మా మహదేవపూర్ వాళ్లకి ఇవి భలే నచ్చాయి.

మా ఊళ్లో పాత బండి వయసు చెప్పడానికి జాతకం అక్కర్లేదు, నంబరు పలక చాలు. ఏపీ 15 అంటే ఉమ్మడి రాష్ట్రంలో కరీంనగర్ నాటిది. టీఎస్ 02 అంటే 2014లో తెలంగాణ వచ్చాక. టీఎస్ 25 అంటే 2016 అక్టోబరులో మేము భూపాలపల్లి జిల్లాలోకి మారాక. 2024 మార్చి నుంచి టీజీ. ఇల్లు కదలకుండానే ఇన్ని చిరునామాలు మార్చాం!

పోయినేడు మా ఇంట్లోనూ ఈ యేటి తగాదా వచ్చింది. రెండు పాత స్కార్పియోలు చూశారు. ఒకటి 2012 ది, ఏపీ 15. రెండోది 2020 మోడలని చెప్పారు. మొదటిది రెండోదాని ధరలో సగం కూడా లేదు. మావారు మొదటిదానివైపు, మా మరిది రెండోదానివైపు. మా అత్తగారు ఏది ఎక్కడానికి తేలికైతే దానివైపు.

నేను యేళ్లు లెక్కపెట్టడం మానేసి, ఏ యేట ఏ చట్టం వచ్చిందో చూశాను. 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు ఎయిర్‌బ్యాగులు లేని స్కార్పియోని గోడకి గుద్దించి చూస్తే, పెద్దల రక్షణకి ఒక్క నక్షత్రం కూడా రాలేదు. ఖరీదైన రకాల్లో ఎయిర్‌బ్యాగులు ముందే ఉండేవి, మేము చూసిన 2012 బండి ఆ రకం కాదు. 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ బ్రేకు, జూలై నుంచి డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయ్యాయి. ఇసుక లారీల మధ్య పిల్లల్ని తీసుకెళ్లే రోడ్డు మాది. ఇక్కడ చింతపండు లెక్కే, కొత్తదే కావాలి. పైగా 2012 బండికి 2027లో పదిహేనేళ్లు నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్ పరీక్ష, 5,000 రూపాయల రిజిస్ట్రేషన్ రుసుము, ఆపైన హరిత పన్ను.

మరీ కొత్తదైతేనో? 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చింది. డీజిలు బండి పొగ గొట్టంలో మసిని పట్టే జల్లెడ పెట్టారు, డీపీఎఫ్ అంటారు. ఊపిరితిత్తులకి మంచిదే, కాదనను. కానీ బండి దూరం, వేగంగా పోతే పొగ వేడెక్కి ఆ మసి కాలిపోతుంది. బడి, గుడి, అంగడి అని నాలుగడుగులు తిరిగితే జల్లెడ మూసుకుపోతుంది. మా మెకానిక్కు ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"అమ్మా, గది అడ్డం పడితే నాతోని కాదు. వరంగల్లు పోవాల్సిందే."

అంటే ఇక్కడ బియ్యం లెక్క. నాకు కావలసింది 2019 జూలైకి, 2020 మార్చికి మధ్య తయారైన బండి. తొమ్మిది నెలలు!

మరిది చూపించిన బండి కాగితాల మీద 2020 ఫిబ్రవరి రిజిస్ట్రేషను ఉంది. ఛాసిస్ నంబరు చదవమన్నాను. అందులో పదో అక్షరం యేడు చెబుతుంది. కె అంటే 2019, ఎల్ అంటే 2020. కె ఉంది. తయారీ నెల అడిగితే డిసెంబరని తేలింది.

"2020 మోడలన్నారు కదండీ?" అన్నాను. అమ్మేవాయన నా వంక కాక మావారి వంక చూశాడు. మావారు ఆకాశం వంక చూశారు.

ధర తగ్గింది. ఆ తగ్గిన డబ్బులోంచి మొదట అత్తగారు ఎక్కడానికి పక్కన ఇనప మెట్టు వేయించాం.