హెబియస్ కార్పస్ కొట్టేశాక: బెంగళూరు ఖైదీలు, అప్పీలు హక్కు

అక్రమ నిర్బంధాన్ని ప్రశ్నించే హెబియస్ కార్పస్ పిటిషన్‌ను కోర్టు కొట్టేస్తే ఖైదీ పైకోర్టుకు వెళ్లడం ఇప్పుడు మామూలే. పాత ఇంగ్లీషు పద్ధతిలో అలా కాదు. ఒక జడ్జి కాదంటే ఖైదీ మరో జడ్జిని ఆశ్రయించేవాడు, ఆయనా కాదంటే ఇంకొకరిని. లాగోస్ సంప్రదాయ పాలకుడు ఎలెకో కేసులో 1928లో, వలసల నుంచి వచ్చే అప్పీళ్లు వినే ప్రివీ కౌన్సిల్ ఈ పద్ధతినే సమర్థించింది. బంధించినవారికి అలాంటి వెసులుబాటు లేదు. 1890లో కాక్స్ వర్సెస్ హేక్స్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్, విడుదల ఉత్తర్వు మీద అప్పీలు కుదరదని తేల్చింది. ఖైదీ ఎన్ని తలుపులైనా తట్టవచ్చు, జైలరు ఒక్కసారి ఓడితే చాలు, మనిషి బయటపడ్డట్టే. 1960లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం రెండు పక్షాలకూ అప్పీలు ఇచ్చి, అవే కారణాలతో మళ్లీ మళ్లీ పిటిషన్ వేయడాన్ని ఆపింది.

రెండు పక్షాలకూ అప్పీలు అన్న ఏర్పాటు భారత రాజ్యాంగంలో 1950 నుంచే ఉంది. అంతకుముందు బెంగళూరు మైసూరు సంస్థానంలోది. అక్కడ 1884లో చీఫ్ కోర్టు ఏర్పడింది, 1930లో అదే హైకోర్టు అయింది. సంస్థానం బ్రిటిష్ ఇండియాలో భాగం కాదు కాబట్టి దాని తీర్పులు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లేవి కావు. 1950 జనవరి 26 తర్వాతే, అట్టారా కచేరీ అని జనం పిలిచే ఎర్ర భవనంలోని హైకోర్టు నుంచి ఢిల్లీకి దారి పడింది. ఆ దారులు మూడు: రాజ్యాంగ వ్యాఖ్యానం ఇమిడి ఉందని హైకోర్టు సర్టిఫికెట్ ఇస్తే 132వ అధికరణ, క్రిమినల్ వ్యవహారాల్లో 134, ఇవేవీ కుదరకపోతే 136 కింద స్పెషల్ లీవ్ పిటిషన్. చివరిది హక్కు కాదు, సుప్రీంకోర్టు అనుమతిస్తేనే విచారణ.

సంస్థానాల ఖైదీలకు ఈ తేదీ ఎంత ముఖ్యమో హైదరాబాదు కేసు చూపింది. తెలంగాణ రైతాంగ పోరాటంలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఉరిశిక్ష వేసిన ఖైదీలకు 1949 డిసెంబరులో హైదరాబాదు హైకోర్టులో చుక్కెదురైంది. వారు ఢిల్లీకి వెళితే, తీర్పు రాజ్యాంగం రాకముందుది కనుక 136 కింద వినలేమని 1950 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. జనార్దన్ రెడ్డి పేరుతో ప్రసిద్ధమైన ఈ కేసులో ఖైదీలు అప్పుడు 32వ అధికరణ కింద నేరుగా రిట్లు వేశారు. 1951 మార్చిలో అవీ పోయాయి. కొన్ని వారాల తేడా ఉరికంబానికీ అప్పీలుకూ మధ్య అడ్డుగోడగా నిలవడం అన్యాయమే.

అయితే 32వ అధికరణ దారి తర్వాత ఖైదీకి బాగా పనికొచ్చింది. హైకోర్టు కొట్టేసిన వ్యవహారాన్ని సుప్రీంకోర్టులో కొత్త పిటిషన్‌గా తేవచ్చా అన్నది ప్రశ్న. ఇతర రిట్లలో ముందు తీర్పు అడ్డం వస్తుందని 1961లో దర్యావ్ కేసు చెప్పింది. హెబియస్ కార్పస్ సంగతి వేరని 1966లో గులాం సర్వర్ కేసులో ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు తేల్చారు. మనిషి స్వేచ్ఛ విషయంలో ఒకసారి కాదన్న మాట శాశ్వతంగా కాదన్నట్టు కాదని ఆ తీర్పు సారం. రాజమండ్రిలో పుట్టిన సుబ్బారావు స్వేచ్ఛ విషయంలో రాజీపడని న్యాయమూర్తి. పిటిషనరు గులాం సర్వర్ పాకిస్తాన్ పౌరుడు. చివరికి అతని పిటిషన్ నిలవలేదు కానీ, సూత్రం నిలిచింది.

బెంగళూరులో ఈ హక్కుకు అసలు పరీక్ష 1975లో, ఎమర్జెన్సీ విధించాక ఎదురైంది. పార్లమెంటరీ కమిటీ సమావేశానికి వచ్చిన అటల్ బిహారీ వాజపేయి, ఎల్.కె. ఆడ్వాణీ, మధు దండవతే, ఎస్.ఎన్. మిశ్రాలను జూన్ 26 ఉదయం అక్కడే అరెస్టు చేసి సెంట్రల్ జైలుకు పంపారు. మరునాడే రాష్ట్రపతి ఉత్తర్వు, సమానత్వం, స్వేచ్ఛలకు రక్షణ ఇచ్చే 14, 21, 22 అధికరణల కింద కోర్టుకెళ్లే హక్కును సస్పెండ్ చేసింది. నలుగురూ కర్ణాటక హైకోర్టులో హెబియస్ కార్పస్ వేశారు. వారి తరఫున పనిచేసిన లాయర్లలో ఎం. రామా జోయిస్ తానే మీసా (ఆంతరంగిక భద్రతా నిర్వహణ చట్టం) ఖైదీ అయి అదే జైలుకు చేరారు.

పిటిషన్ వేయడానికే వీళ్లకు అర్హత లేదన్నది ప్రభుత్వ వాదన. కర్ణాటక హైకోర్టు దాన్ని తోసిపుచ్చింది. అలహాబాదు, బొంబాయి, ఢిల్లీ, మధ్యప్రదేశ్, పంజాబ్, రాజస్థాన్ హైకోర్టులదీ అదే మాట. ఆంధ్రప్రదేశ్, మద్రాసు, కేరళ హైకోర్టులు మాత్రం ప్రభుత్వ అభ్యంతరాన్ని ఒప్పుకున్నాయి. అలా ఒకే చట్టం కింద బెంగళూరు ఖైదీకి ఒక న్యాయం, హైదరాబాదు ఖైదీకి మరో న్యాయం దక్కింది.

అప్పుడు అప్పీలుకు వెళ్లింది ప్రభుత్వం. కాక్స్ వర్సెస్ హేక్స్ కేసులో జైలరుకు మూసిన తలుపు ఇక్కడ బార్లా తెరిచి ఉంది. ఏడీఎం జబల్పూర్ కేసుగా పేరుపడ్డ ఆ అప్పీళ్లలో 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు నాలుగు–ఒకటి మెజారిటీతో ప్రభుత్వానికే అనుకూలంగా తీర్పిచ్చింది. విడిగా నిలిచిన హెచ్.ఆర్. ఖన్నాకు మరుసటి ఏడాది ప్రధాన న్యాయమూర్తి పదవి దక్కలేదు. ఆ రోజుల్లోనే కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తులు డి.ఎం. చంద్రశేఖర్ అలహాబాదుకు, ఎం. సదానందస్వామి గౌహతికి బదిలీ అయ్యారు.

తీర్పు వచ్చిన నాలుగు రోజులకు, మే 2న, బెంగళూరులో నటి స్నేహలతా రెడ్డి అరెస్టయ్యారు. ఆమె తెలుగు కవి పఠాభి భార్య, ఆయన తీసిన ‘సంస్కార’ కన్నడ సినిమాలో చంద్రి. పేలుళ్లకు కుట్ర పన్నారన్న బరోడా డైనమైట్ కేసు పేరుతో పట్టుకున్నారు, ఛార్జిషీటులో ఆమె పేరే లేదు, అయినా మీసా కింద సెంట్రల్ జైలులో ఉంచారు. ఉబ్బసంతో బాధపడే మనిషిని ఎందుకు బంధించారని ఏ హైకోర్టూ అడగలేని పరిస్థితి. 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు, 20న ఆమె చనిపోయారు. కొట్టేసిన పిటిషన్‌పై అప్పీలు హక్కు గురించి మాట్లాడేవారు, పిటిషనే వేయలేని ఆ ఎనిమిది నెలలను పక్కన పెట్టలేరు.

1978లో పార్లమెంటు 44వ సవరణ చేసి, ఎమర్జెన్సీలోనూ 20, 21 అధికరణలను సస్పెండ్ చేయకూడదని నిర్ణయించింది. ఏడీఎం జబల్పూర్ తీర్పు 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు గోప్యత హక్కు తీర్పుతో చెరిగిపోయింది. ఆ కేసు వేసిన కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. 1976లో మెజారిటీలో ఉన్న వై.వి. చంద్రచూడ్ తీర్పును తోసిపుచ్చినవారిలో ఆయన కుమారుడు డి.వై. చంద్రచూడ్ ఉన్నారు.

నేడు కర్ణాటకలో హెబియస్ కార్పస్‌లు తరచుగా వచ్చేది 1985 నాటి గూండా చట్టం కింద నిర్బంధాల మీద. హైకోర్టు కొట్టేస్తే నిర్బంధితుడు సుప్రీంకోర్టులో స్పెషల్ లీవ్ పిటిషన్ వేస్తాడు. లాయరు ఖర్చు భరించలేనివారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. జైలు కూడా పరప్పన అగ్రహారానికి మారింది. వాజపేయి, స్నేహలత ఉన్న పాత సెంట్రల్ జైలు స్థలం ఇప్పుడు ఫ్రీడమ్ పార్కు.