చందమామ మీద నీళ్లు పోసిన ఊరు

మొన్న బడి నుంచి రాగానే మావాడు బూట్లు విప్పుకుంటూ, "అమ్మా, మనం చందమామని ఆర్పేవాళ్లం, తెలుసా?" అన్నాడు. అదే చందమామని చూపించి వీడికి గోరుముద్దలు తినిపించినదాన్ని నేను. ఎవరు చెప్పార్రా అంటే, పక్కన కూర్చునే మొరాకో పిల్లాడట. ఆ పిల్లాడి తాత పని కోసం వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. మావాడు పుట్టింది గుంటూరు ఆస్పత్రిలో. మరి ఈ "మనం" ఎవరు?

మేముండే ఊరు బెల్జియంలో, బ్రస్సెల్స్‌కీ ఆంట్వెర్ప్‌కీ నడిమధ్యన ఉంటుంది. రాతలో మెచెలెన్ లాగా కనిపిస్తుంది గానీ, గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టుగా "మెఖెలెన్" అనాలి. ఊరి మధ్యలో సెయింట్ రోంబౌట్ గుడి, దానికి తొంభై ఏడు మీటర్ల గోపురం. 1687 జనవరిలో ఒక రాత్రి సారాకొట్టు నుంచి బయటికొచ్చిన ఒకాయన తలెత్తి చూస్తే గోపురం కిటికీలు ఎర్రగా మండుతున్నాయి. కేకలు పెట్టాడు. ఊరంతా లేచింది. బాల్చీలు చేతులు మారుతూ మెట్లెక్కాయి. ఐదువందల ముప్పై ఎనిమిది మెట్లు! వాళ్లు పైకి చేరేలోగా మంచు విడిపోయింది, చంద్రుడు కాస్త పక్కకి జరిగాడు, మంట ఆరిపోయింది. అప్పటినుంచీ ఈ ఊరివాళ్లు "మానెబ్లుసర్లు", అంటే చందమామని ఆర్పినవాళ్లు. ఆంట్వెర్ప్ వాళ్లు వెక్కిరించడానికి వాడిన పేరుని వీళ్లు మెడలో దండలా వేసుకుని తిరుగుతున్నారు. ఆ పేరుతో ఒక బీరు కూడా ఉంది.

అచ్చం మన పరమానందయ్యగారి శిష్యులే అనుకున్నాను. ఏరు నిద్రపోయిందో లేదో చూడ్డానికి నీళ్లలో కొరివి ముంచిన ఘనులు వాళ్లు. గట్టెక్కాక లెక్కపెట్టుకుంటే ఒకడు తగ్గాడు. మళ్లీ లెక్కపెట్టినా తగ్గాడు. లెక్కపెట్టేవాడు తనని వదిలేసి మిగతావాళ్లనే లెక్కపెడుతున్నాడని ఒక్కడికీ తట్టలేదు. పోయినవాడి కోసం అందరూ కూర్చుని ఏడుస్తుంటే దారినపోయే ఒకాయన వచ్చి, ఒక్కొక్కడి వీపు మీదా ఒక్కో దెబ్బ వేసి లెక్క సరిచేశాడు.

ఆ దారినపోయే ఆయన ఈ ఊరికి 2001లో దొరికాడు. పేరు బార్ట్ సోమర్స్. ముప్పై ఆరేళ్ల వయసులో మేయరయ్యాడు. అప్పటికి ఊరి పరువు ఎలా ఉండేదంటే, మా తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని గొప్పగా చెప్పుకుంటామే, అలా ఈ ఊరిని "డైలె ఒడ్డు షికాగో" అని ఈసడించుకునేవారు. డైలె ఇక్కడి ఏరు. తెనాలిలో సగం జనాభా ఉన్న ఊరికి షికాగో అంత పేరు రావాలంటే మాటలా! దొంగతనాలు, చెత్త. ఊరి నడిబొడ్డున దుకాణాల్లో మూడో వంతు తలుపులు మూసుకుని ఉండేవట. డబ్బున్నవాళ్లు సర్దుకుని వెళ్లిపోతున్నారు. 2000 ఎన్నికల్లో, వలసవాళ్లని వెనక్కి పంపమనే పార్టీకి దాదాపు నాలుగో వంతు ఓట్లు పడ్డాయి. 1964లో మొరాకోతో ఒప్పందం రాసుకుని పనివాళ్లని పిలిపించుకుంది వీళ్ల దేశమే. వాళ్ల పిల్లలు మాత్రం లెక్కలోకి రాలేదు.

మేయరంటే మనవాళ్లకి గౌనూ గొలుసూ గుర్తొస్తాయి. ఫైళ్లేమో కమిషనరుగారి దగ్గర ఉంటాయి. మా తెనాలికి అదీ లేదు, చైర్మనుతో సరి. ఇక్కడ మేయరు చేతిలో ఊరి పోలీసు ఉంటుంది. సోమర్స్ ముందు పట్టుకున్నది చీపురునీ లాఠీనీ. వీధులు ఊడిపించాడు, పోలీసుల్ని పెంచాడు. దేశంలో ఏ ఊరికీ తీసిపోనన్ని కెమెరాలు పెట్టించాడు. ఉదారవాద పార్టీవాడు ఇదేమిటని ఆయన మిత్రులే నొసలు చిట్లించారు. దొంగల భయంతో మొదట నలిగేది డబ్బున్నవాడు కాదు, వేరే ఊరికి పోలేని పేదవాడు అన్నది ఆయన వాదం. తెనాలిలో చీకటి సందుల్లోంచి ట్యూషన్‌కి వెళ్లొచ్చినదాన్ని, ఆ మాట నాకు నచ్చింది. కానీ మా వీధి మొదట్లో ఉన్న కెమెరా కింద నుంచి వెళ్లిన ప్రతిసారీ చున్నీ సర్దుకుంటాను. నల్లజుట్టు కుర్రాళ్లని పోలీసులు ఊరికే ఆపుతారని పక్కింటి మొరాకో ఆవిడ అంటుంది. వీపు మీద దెబ్బలు అందరికీ ఒకే బరువున పడలేదేమో.

కానీ దెబ్బతో ఆపి ఉంటే నేనీ కథ రాసేదాన్ని కాదు. వలస పిల్లలే ఎక్కువగా ఉన్న బడులు కొన్ని, తెల్లపిల్లలే ఉన్న బడులు కొన్ని. ఇంటింటికీ మనుషుల్ని పంపి, మీ వీధి వాళ్లంతా కూడబలుక్కుని పిల్లల్ని ఫలానా బడిలో ఒకేసారి చేర్పించండని తల్లిదండ్రుల్ని ఒప్పించారు. ఒక్కరే అయితే భయం, పదిమంది కలిస్తే ధైర్యం. బాల్చీల వరస గుర్తొచ్చింది నాకు. ఊరితో కలిసిపోవడం కొత్తగా వచ్చినవాళ్ల పని మాత్రమే కాదు, ఊరే మారిపోయింది కాబట్టి తాతల కాలం నుంచీ ఉన్నవాళ్లూ కొత్త ఊరికి అలవాటు పడాల్సిందే అన్నాడాయన. ఓట్లడిగే మనిషి ఈ మాట అనాలంటే గుండె కావాలి.

కొత్తవాళ్లకి ఊరివాళ్లని జతచేసే పద్ధతి కూడా పెట్టారు. నాకు దొరికిన తోడు డెబ్బై దాటిన పెద్దావిడ. మొదటి వారమే మా చెత్తబుట్టని వంటింటి గచ్చు మీద బోర్లించి పాఠం మొదలుపెట్టింది. పాల అట్టడబ్బా నీలం సంచిలోకి, ఉత్తరాల కవర్లు కాగితాల కట్టలోకి. కరివేపాకు రెబ్బ దొరికితే వాసన చూసి, ఇది పారేసేదా ఉంచేదా అని అడిగింది. నాకొచ్చిన ఈ ఊరి డచ్ భాషంతా ఆ గచ్చు మీదే మొదలైంది.

ఫలితం సంగతికొస్తే, 2012 నాటికి ఆ వెళ్లగొట్టే పార్టీ ఓట్లు పదో వంతుకి లోపే మిగిలాయి. ఆ తర్వాతి ఏళ్లలో యూరప్ కుర్రాళ్లు సిరియా యుద్ధానికి పోతున్నప్పుడు, జనాభాలో మా ఊరిలో సగమే ఉండే పక్కఊరు విల్వోర్డ్ నుంచి పాతికమందికి పైగా వెళ్లారు. మెఖెలెన్ నుంచి వెళ్లినట్టు తెలిసినవాళ్లు లేరు. సోమర్స్‌కి 2016 ప్రపంచ మేయర్ బహుమతి వచ్చింది. కాకపోతే ఊరు బాగుపడితే అద్దెలూ బాగుపడతాయి, ఆ మాట మా ఇంటాయన ప్రతి నెలా మొదటి తారీకున అంటారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం కాలువ. ఎప్పుడో కంపు భరించలేక కప్పేసి పైన రోడ్డు వేసిన మెలాన్ అనే పిల్లకాలువని ఈ మేయరు హయాంలో మళ్లీ తెరిచారు. దాని గట్టున కూర్చుంటే మా తెనాలి కాలువలు గుర్తొస్తాయి. వంతెన మీద సైకిలాపి గుర్రపుడెక్క పూలు లెక్కపెట్టేవాళ్లం నేనూ అన్నయ్యా. కాలువ కప్పేస్తే బాగుండునని అక్కడ అందరూ అంటారు. నేనూ అన్నాను చిన్నప్పుడు.

ఈ ఊళ్లో ఇంకో లెక్క కూడా ఉంది, చెప్పకపోతే తప్పు. యూరప్ ప్రధాన భూభాగం మీద తొలి ఆవిరి ప్రయాణికుల రైళ్లలో ఒకటి 1835లో బ్రస్సెల్స్ నుంచి ఇక్కడికే వచ్చింది. 1942, 44 మధ్య ఇక్కడి డోసిన్ సైనిక నివాసం నుంచి పాతికవేల మందికి పైగా యూదుల్నీ రోమా జాతివాళ్లనీ లెక్కపెట్టి మరీ రైళ్లలో ఆష్విట్జ్ మరణశిబిరానికి పంపారు నాజీలు. దాని ఎదురుగా ఇప్పుడు మ్యూజియం ఉంది. బెల్జియం పోలీసులకి మానవహక్కుల తరగతులు అక్కడ జరుగుతాయి. ఒక గోడంతా ఫొటోలు. లోపలికి వెళ్లి వచ్చాక రెండు రోజులు నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఐదేళ్లు నిండితే మనలాంటి పరదేశీయులూ ఊరి ఎన్నికల్లో ఓటెయ్యొచ్చు. పేరు నమోదు చేసుకుని, బెల్జియం రాజ్యాంగాన్ని గౌరవిస్తానని సంతకం పెట్టాలి. నాకు ఐదేళ్లు నిండాయి. పెద్దావిడే ఫారం తెచ్చి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఈలోగా అన్నయ్య ఫోన్ చేసి, తెనాలి ఓటర్ల జాబితాలో మన ఇంటి నంబరు కింద నీ పేరు లేదే అన్నాడు. ఊళ్లో లేనిదాన్ని తీసెయ్యడం న్యాయమే, అయినా ఆ పూట అన్నం సయించలేదు. చదవకుండా దేని మీదా సంతకం పెట్టొద్దని నాన్న నేర్పారు. తర్వాతి ఎన్నికలు 2030లో. నిఘంటువు పక్కన పెట్టుకుని డచ్‌లో రాజ్యాంగం చదువుతున్నాను. ప్రస్తుతం పన్నెండో అధికరణం దగ్గరున్నాను.